పాత రెప్లికేషన్ డొమైన్‌ను ఉంచాలా, మార్చాలా, తీసేయాలా? క్లస్టర్ సర్వర్లకు ఎంపిక సలహా

ఐబీఎం అప్లికేషన్ సర్వర్ వెబ్‌స్పియర్ వెర్షన్ 5 ఉన్న కాలంలో కట్టిన క్లస్టర్లు (ఒకే అప్లికేషన్‌ను కలిసి నడిపే సర్వర్ల గుంపులు) చాలా చోట్ల ఇంకా నడుస్తున్నాయి. సర్వర్ వెర్షన్ పెరిగింది, మెషీన్లు మారాయి, సెషన్ రెప్లికేషన్ (లాగిన్ అయిన మనిషి పని వివరాలకు మరో సర్వర్‌లో నకలు ఉంచడం) సెట్టింగులు మాత్రం ఆనాటివే. పనిచేస్తున్నదాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఒక మెంబర్ (క్లస్టర్‌లోని ఒక సర్వర్) ఆగిపోయి వందలాది మందికి మళ్లీ లాగిన్ పేజీ వచ్చినప్పుడు గానీ ఆ సెట్టింగుల సంగతి గుర్తుకు రాదు.

మడికొండ ఐటీ పార్కులో కూర్చుని హైదరాబాద్ డేటా సెంటర్‌లోని అప్లికేషన్‌కు సపోర్ట్ ఇచ్చే టీమ్ అయినా, హనుమకొండలో సొంత సర్వర్ గది ఉన్న సంస్థ అయినా ముందున్న దారులు ఇవే: పాత మల్టీ-బ్రోకర్ డొమైన్‌ను (నకళ్లు పంచుకునే సర్వర్ల సమూహాన్ని డొమైన్ అంటారు) కొనసాగించడం, కొత్త డేటా రెప్లికేషన్ డొమైన్‌కు మారడం, సెషన్లను డేటాబేస్‌లో పెట్టడం, రెప్లికేషన్ అసలే మానేయడం, లేదా బయటి క్యాష్‌కు (సెషన్లను మెమరీలో దాచే వేరే సర్వర్లకు) పంపడం. మా అభిప్రాయం ముందే చెబుతాం. ఎక్కువ మందికి సరిపోయేది కొత్త డొమైన్, అందులో ఒకే నకలు. అది సరిపోని సందర్భాలు కూడా ఉన్నాయి, అవి చిన్నవి కావు.

ముందు తేల్చుకోవాల్సినవి

సెషన్ పోతే నష్టం ఎవరికి, ఎంత? మార్కెట్ ధరలు చూసే పేజీలో సెషన్ పోతే మనిషి మళ్లీ లాగిన్ అవుతాడు, అంతే. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిన పత్తి లాట్లను ఒక్కొక్కటిగా నమోదు చేసే తెరలో పోతే, గుమాస్తా అప్పటిదాకా కొట్టిన ఎంట్రీలన్నీ మళ్లీ కొట్టాలి. వెనకాల బండ్ల వరుస ఆగుతుంది.

సెషన్ సైజు ఎంత? దీన్ని కొలవకుండా ఏ ఎంపికా చేయకండి. 5 కేబీ సెషన్‌కు ఏ పద్ధతైనా నడుస్తుంది. సెర్చ్ ఫలితాలన్నిటినీ సెషన్‌లో దాచే అప్లికేషన్‌లో ఒక్కో సెషన్ మెగాబైట్లకు పోతుంది. అక్కడ ఏ పద్ధతీ బాగా నడవదు.

ఒక్క మెంబర్ పడుతుందా, అందరూ ఒకేసారి పడతారా? ఏప్రిల్, మే నెలల్లో ఈదురుగాలులకు కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసే గదిలో క్లస్టర్ మొత్తం ఒకేసారి ఆగుతుంది. మెమరీలో ఎన్ని నకళ్లున్నా అప్పుడు మిగిలేది సున్నా.

మెంబర్లు నిజంగా వేర్వేరు మెషీన్లలో ఉన్నారా? రెండు వర్చువల్ మెషీన్లు ఒకే హోస్ట్ మీద ఉంటే, నకలు ఉన్నట్టే కనిపిస్తుంది కానీ హోస్ట్ పోయిన రోజు రెండూ పోతాయి.

ఇప్పుడు మీ దగ్గర ఉన్నది ఏది?

సెల్ (ఒకే చోటి నుంచి నిర్వహించే సర్వర్ల సమూహం) కాన్ఫిగరేషన్ డైరెక్టరీలో మల్టీబ్రోకర్.ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్ ఉంటుంది. పాత డొమైన్లూ కొత్త డొమైన్లూ రెండూ అందులోనే నమోదవుతాయి కాబట్టి ఫైల్ ఉందన్నంత మాత్రాన పాతదని అనుకోవద్దు. లోపలి ఎంట్రీ మల్టీబ్రోకర్‌డొమైన్ అయితే పాతది, డేటారెప్లికేషన్‌డొమైన్ అయితే కొత్తది. వెబ్‌స్పియర్ కమాండ్ టూల్ డబ్ల్యూఎస్‌అడ్మిన్‌లో ఈ రెండు పేర్లతో అడ్మిన్‌కాన్ఫిగ్ లిస్ట్ కమాండ్ నడిపినా ఇదే తేలుతుంది. పాత పద్ధతిలో ఒక్కో సర్వర్‌కు విడిగా రెప్లికేటర్ (నకళ్లను పంపే భాగం) ఎంట్రీ ఉంటుంది, దానికి సొంత పోర్టులు ఉంటాయి. సర్వర్.ఎక్స్‌ఎంఎల్‌లో సిస్టమ్‌మెసేజ్‌సర్వర్ అనే భాగం కనిపిస్తే అది ఈ రెప్లికేటరే.

ఇక్కడ చాలామంది తప్పిపోయే చోటు ఒకటుంది. సెషన్ మేనేజ్‌మెంట్‌ను సర్వర్ స్థాయిలోనే కాక అప్లికేషన్ స్థాయిలో, వెబ్ మాడ్యూల్ స్థాయిలో కూడా పెట్టొచ్చు. కింది స్థాయిలో ఓవర్‌రైడ్ టిక్ చేసి ఉంటే సర్వర్ స్థాయిలో మీరు చేసిన మార్పు ఆ అప్లికేషన్‌కు అస్సలు తగలదు. కన్సోల్‌లో అంతా కొత్త డొమైన్ కనిపిస్తూ, ఒక్క అప్లికేషన్ మాత్రం పాత డొమైన్ పేరునే పట్టుకుని ఉండటానికి మామూలు కారణం ఇదే. మూడు స్థాయిలూ చూసి, ఏ అప్లికేషన్ ఏ డొమైన్‌ను వాడుతోందో ఒక కాగితం మీద రాసుకున్నాకే ముందుకు పోండి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| ఎంపిక | ఒక మెంబర్ పడితే | అందరూ పడితే | మెమరీ, నెట్‌వర్క్ భారం | ఎవరికి నప్పుతుంది |
|---|---|---|---|---|
| పాత మల్టీ-బ్రోకర్ డొమైన్ | సెషన్ నిలుస్తుంది | పోతుంది | పార్టిషన్లను బట్టి, తరచుగా ఎక్కువ | త్వరలో ఆపేసే అప్లికేషన్ |
| కొత్త డొమైన్, ఒకే నకలు | నిలుస్తుంది | పోతుంది | మధ్యస్థం | 2 నుంచి 8 మెంబర్ల మామూలు క్లస్టర్ |
| కొత్త డొమైన్, అందరి దగ్గరా నకలు | నిలుస్తుంది | పోతుంది | మెంబర్లతో పాటు పెరుగుతుంది | డైనమిక్ క్యాష్ (తయారైన ఫలితాలను మెమరీలో దాచే సౌకర్యం), చిన్న సెషన్లు |
| డేటాబేస్ | నిలుస్తుంది | నిలుస్తుంది | డేటాబేస్ మీద పడుతుంది | డబ్బు, పరీక్షలు, పొడవాటి ఫారాలు |
| అఫినిటీ (ఒక మనిషి రిక్వెస్టులను ఒకే మెంబర్‌కు పంపడం) మాత్రమే | ఆ మెంబర్‌వి పోతాయి | పోతుంది | ఏమీ లేదు | చదివే పేజీలు, లోపలి రిపోర్టులు |
| బయటి క్యాష్ | నిలుస్తుంది | క్యాష్ వేరే చోట నిలిస్తే నిలుస్తుంది | అదనపు సర్వర్లు | లిబర్టీకి (వెబ్‌స్పియర్ కొత్త సర్వర్‌కు) మారుతున్నవారు |

పాత డొమైన్‌ను అలాగే ఉంచడం

వెర్షన్ 6 వచ్చినప్పుడే మల్టీ-బ్రోకర్ డొమైన్లను కాలం చెల్లినవిగా ప్రకటించారు. డిప్లాయ్‌మెంట్ మేనేజర్ (సెల్‌ను నిర్వహించే సర్వర్) అప్‌గ్రేడ్ అయ్యాక అడ్మిన్ కన్సోల్ నుంచి అలాంటి కొత్త డొమైన్‌ను సృష్టించలేరు. ఉన్నవి మాత్రం పనిచేస్తాయి, ప్రమాదమూ అక్కడే ఉంది. మామూలు పనిరోజున తేడా తెలియదు. క్లస్టర్‌కు కొత్త మెంబర్‌ను చేర్చాల్సిన రోజున దానికి రెప్లికేటర్ ఎంట్రీ, పోర్టులు, ఫైర్‌వాల్ రూల్ అన్నీ చేత్తో సరిపెట్టాలి.

ఇందులో ట్రాఫిక్‌ను తగ్గించేవి పార్టిషన్లు, అంటే సెషన్లను పంచే భాగాలు. డిఫాల్ట్ సంఖ్య 10. ఏ మెంబర్ ఏ పార్టిషన్లను వింటుందో విడిగా కేటాయించకపోతే ప్రతి ఒక్కరూ అన్నీ వింటారు, అంటే అందరి సెషన్లూ అందరి హీప్‌లోకి (జావా మెమరీలోకి) చేరతాయి. పాత క్లస్టర్‌లో మెంబర్లను పెంచిన కొద్దీ మెమరీ చాలడం లేదని వచ్చే ఫిర్యాదు వెనుక చాలాసార్లు ఉండేది ఇదే.

ఆ అప్లికేషన్‌ను కొద్ది నెలల్లో ఆపేస్తున్నారని, మధ్యలో మెంబర్లను చేర్చేది లేదని ఖాయంగా తెలిస్తేనే దీన్ని ఉంచండి. లేదంటే మార్చండి.

కొత్త డేటా రెప్లికేషన్ డొమైన్

ఇందులో రెప్లికేటర్లను చేత్తో పెట్టే పని లేదు. సర్వర్లు హై అవైలబిలిటీ మేనేజర్ ద్వారా ఒకరినొకరు చూసుకుంటాయి. దీని వల్ల రెండు షరతులు వస్తాయి. ఒకటి, డొమైన్‌లోని మెంబర్లందరూ ఒకే కోర్ గ్రూపులో (ఒకదాని స్థితిని ఒకటి గమనించే సర్వర్ల గుంపులో) ఉండాలి. రెండు, హై అవైలబిలిటీ మేనేజర్ ఆన్‌లో ఉండాలి. సీపీయూ మిగులుతుందని ఎప్పుడో దాన్ని ఆపేసిన సర్వర్‌లో మెమరీ రెప్లికేషన్ పనిచేయదు. పాత రెప్లికేటర్ పోర్టుల బదులు ఇప్పుడు డీసీఎస్ యూనికాస్ట్ అడ్రస్ అనే పోర్టు మెంబర్ల మధ్య తెరిచి ఉండాలి. ఈ నంబర్ సర్వర్‌కు సర్వర్‌కు మారుతుంది, కాబట్టి ఒక్కో సర్వర్ పోర్టుల జాబితాలో చూసి ఫైర్‌వాల్ వాళ్లకు ఇవ్వండి.

డొమైన్‌లో నిజంగా ఆలోచించాల్సినవి మూడే: నకళ్ల సంఖ్య, రిక్వెస్ట్ టైమవుట్, ఎన్‌క్రిప్షన్.

నకళ్ల సంఖ్య డిఫాల్ట్‌గా ఒకటి. దీన్ని "మొత్తం డొమైన్" చేస్తే ఏమవుతుందో లెక్కేసి చూడండి. 4 మెంబర్లు, ఒకేసారి 6,000 సెషన్లు, సెషన్‌కు 20 కేబీ అనుకుందాం. అసలు సెషన్లే 120 ఎంబీ. ఒకే నకలుతో మొత్తం 240 ఎంబీ, మెంబర్‌కు 60 ఎంబీ పడుతుంది. మొత్తం డొమైన్‌కు నకలు పెడితే మెంబర్‌కు 120 ఎంబీ. సెకనుకు 150 రిక్వెస్టులు వచ్చి, ప్రతి రిక్వెస్టుకూ సెషన్ అంతా రాస్తుంటే నెట్‌వర్క్ మీద 3 ఎంబీ నుంచి 9 ఎంబీకి పెరుగుతుంది. 2 మెంబర్లే ఉంటే ఈ రెండింటికీ తేడా లేదు. 8 మెంబర్లు ఉంటే తేడా భరించలేనంత అవుతుంది. సెషన్లకు ఒకే నకలు చాలు. ఒక మెంబర్ పడ్డప్పుడు దాని నకలు ఉన్న మెంబర్ కూడా అదే క్షణంలో పడటం, మెషీన్లు వేరుగా ఉంటే, అరుదు.

డైనమిక్ క్యాష్ లెక్క వేరు. దానికి మొత్తం డొమైన్‌కు నకలు ఉండాలి, లేదంటే ఒక సర్వర్‌లో తీసేసిన క్యాష్ ఎంట్రీ మరో సర్వర్‌లో పాతదిగా మిగులుతుంది. అందుకే సెషన్లకు ఒక డొమైన్, డైనమిక్ క్యాష్‌కు మరో డొమైన్ పెట్టాలి. పాత కాన్ఫిగరేషన్లలో రెండూ ఒకే డొమైన్‌లో ఉండటం మామూలు. మార్చేటప్పుడు దాన్ని అలాగే దించుకుంటే సమస్యనూ వెంట తెచ్చుకున్నట్టే.

రిక్వెస్ట్ టైమవుట్ డిఫాల్ట్ 5 సెకన్లు. ఒక మెంబర్ మరో మెంబర్‌ను సమాచారం అడిగి ఎంతసేపు ఆగుతుందో ఇది చెబుతుంది. ఒకే డేటా సెంటర్‌లో దీన్ని పెంచాల్సిన అవసరం వస్తే లోపం నెట్‌వర్క్‌లోనో, గార్బేజ్ కలెక్షన్ (జావా పనికిరాని మెమరీని ఖాళీ చేయడం) కోసం సర్వర్ ఆగడంలోనో ఉంది. అది వెతకండి.

ఎన్‌క్రిప్షన్‌లో మీకు దొరికేవి డీఈఎస్, 3డీఈఎస్ మాత్రమే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ డీఈఎస్ ప్రమాణాన్ని 2005లోనే ఉపసంహరించుకుంది. 3డీఈఎస్‌తో కొత్తగా ఎన్‌క్రిప్ట్ చేయడాన్ని 2023 తర్వాత అనుమతించడం లేదు. ఆడిట్ ఉన్న సంస్థలు వీటి మీద ఆధారపడకుండా, సర్వర్ల మధ్య ట్రాఫిక్‌ను విడి వీల్యాన్‌లో (వేరు చేసిన నెట్‌వర్క్ భాగంలో) పెట్టడం మంచిది.

హనుమకొండలో సగం మెంబర్లు, హైదరాబాద్‌లో సగం మెంబర్లు పెట్టి మధ్యలో ఒకే డొమైన్ చాపాలన్న ఆలోచన తరచుగా వస్తుంది. చేయకండి. ఆ లింక్ కాసేపు ఊగితే రెండు వైపులా కోర్ గ్రూపు విడిపోయి, మళ్లీ కలుస్తుంది. కలిసినప్పుడల్లా సెషన్ల పంపకం మళ్లీ మొదలవుతుంది. సిస్టమ్ లాగ్‌లో హెచ్‌ఎంజీఆర్0218ఐ అనే మెసేజ్ గ్రూపులో ఇప్పుడెంతమంది ఉన్నారో చెబుతుంది. ఎవరూ రీస్టార్ట్ చేయకుండానే ఆ సంఖ్య పెరుగుతూ తగ్గుతూ ఉంటే ఇదే జరుగుతోంది. రెండు చోట్ల రెండు సెల్‌లు పెట్టండి.

రాసే పద్ధతి: డొమైన్ కన్నా ఇక్కడే ఎక్కువ మంది దెబ్బతింటారు

సెషన్‌ను ఎప్పుడు రాయాలి, ఎంత రాయాలి అన్న రెండు సెట్టింగులున్నాయి. ఎప్పుడు అంటే: ప్రతి సర్వ్‌లెట్ సర్వీస్ (రిక్వెస్టుకు జవాబిచ్చే పని) ముగిశాక, నిర్ణీత సమయానికోసారి (డిఫాల్ట్ 10 సెకన్లు), లేదా ప్రోగ్రామర్ చెప్పినప్పుడు. ఎంత అంటే: మారిన అట్రిబ్యూట్లు (సెషన్‌లో పేరు పెట్టి దాచే విలువలు) మాత్రమే, లేదా అన్నీ. ట్యూనింగ్ పేజీలో "వెరీ హై", "హై" అని ఎంచుకుంటే రాసే వ్యవధి 300 సెకన్లు అవుతుంది. పేరు బాగుందని ఎంచుకున్నవారికి సర్వర్ పడినప్పుడు 5 నిమిషాల పని పోతుంది.

"మారినవి మాత్రమే" అన్నదాంట్లో ఒక గోతి ఉంది. పత్తి లాట్ల ఉదాహరణే చూడండి. ప్రోగ్రామ్ సెషన్ నుంచి లాట్ల లిస్ట్‌ను తీసుకుంటుంది, దానికి కొత్త లాట్ చేరుస్తుంది, అక్కడితో ఆగుతుంది. ఆ లిస్ట్‌ను మళ్లీ సెట్ అట్రిబ్యూట్‌తో సెషన్‌లో పెట్టలేదు. అదే సర్వర్‌లో ఉన్నంతసేపు కొత్త లాట్ కనిపిస్తూనే ఉంటుంది, ఎందుకంటే మెమరీలో ఉన్న వస్తువు ఒక్కటే. సర్వర్ దృష్టిలో మాత్రం ఆ అట్రిబ్యూట్ మారలేదు, కాబట్టి నకలు వెళ్లలేదు. ఫెయిలోవర్ (సర్వర్ పడి పని మరోదానికి మారడం) అయ్యాక గుమాస్తాకు మొదటి 3 లాట్లు కనిపిస్తాయి, తర్వాతి 9 కనిపించవు. లాగిన్ మాత్రం పదిలంగా ఉంటుంది. సెషన్ మొత్తం పోవడం కన్నా ఇది ప్రమాదం: లెక్క తప్పిందని ఎవరికీ వెంటనే తెలియదు.

కోడ్ మీ చేతుల్లో ఉంటే మార్చిన ప్రతిసారీ సెట్ అట్రిబ్యూట్ పిలిపించండి. కోడ్ ముట్టుకోలేని పాత అప్లికేషన్ అయితే "అన్ని అట్రిబ్యూట్లు", "సర్వీస్ ముగిశాక" పెట్టి, భారం ఎక్కువైనా భరించండి. సెషన్‌లో పెట్టే ప్రతి క్లాసూ సీరియలైజబుల్ (బైట్లుగా మార్చి పంపగలిగేది) అయి ఉండాలి, లేకపోతే నాట్ సీరియలైజబుల్ ఎక్సెప్షన్ వచ్చి ఆ సెషన్ నకలు పోదు. క్లాసులకు సీరియల్ వెర్షన్ ఐడీ స్పష్టంగా ఇవ్వకపోతే, కొత్త వెర్షన్ ఎక్కించిన సర్వర్ పాత సర్వర్ పంపిన సెషన్‌ను తెరవలేకపోవచ్చు.

సెషన్లు డేటాబేస్‌లో

క్లస్టర్ మొత్తం రీస్టార్ట్ అయినా సెషన్ బతకాలంటే ఇదే దారి. పరీక్ష ఫీజు చివరి తేదీ నాడు పొడవాటి ఫారం నింపుతున్న విద్యార్థులున్న పోర్టల్, కరెంటు మీద నమ్మకం లేని సర్వర్ గది, మెంబర్లన్నీ ఒకే హోస్ట్ మీద ఉన్న పరిస్థితి: ఈ మూడింటిలో ఏది ఉన్నా మేం డేటాబేస్ వైపే మొగ్గుతాం. అయితే ఆ డేటాబేస్ సర్వర్ కూడా అదే కరెంటు లైన్ మీద ఉన్నా పర్వాలేదు, డిస్క్ మీద రాసింది లేచాక ఉంటుంది.

చెల్లించాల్సిన ధర ఆలస్యం. "సర్వీస్ ముగిశాక" పెడితే ప్రతి రిక్వెస్టు చివర డేటాబేస్‌లో ఒక రాత పడుతుంది. సెషన్స్ అనే టేబుల్‌ను సర్వరే సృష్టిస్తుంది. డేటా సోర్స్ (డేటాబేస్ కనెక్షన్ సెట్టింగ్) ఎక్స్‌ఏ రకం (పలు డేటాబేస్‌లను ఒకే లావాదేవీలో కలిపేది) కాకుండా మామూలుది ఇవ్వండి, దాని కనెక్షన్ పూల్‌ను అప్లికేషన్ పూల్‌తో కలపకండి. కలిపితే, రద్దీలో అప్లికేషన్ కనెక్షన్లన్నీ పట్టుకుని సెషన్ రాతను ఆపేస్తుంది. ఆ రాత ఆగడం వల్ల రిక్వెస్టులు ముగియవు, కనెక్షన్లు తిరిగి రావు. డీబీ2 వాడేవారికి రో సైజు 4, 8, 16, 32 కేబీలలో ఎంచుకునే వీలుంది. సెషన్ 4 కేబీ దాటుతుంటే పెద్ద సైజు ఎంచుకుంటే రాత వేగం పెరుగుతుంది, దానికి తగ్గ పేజీ సైజున్న టేబుల్ స్పేస్ ముందే చేయించాలి. కాలం తీరిన సెషన్ల శుభ్రతను రోజులో రెండు వేళలకు పెట్టొచ్చు. ఒకటి తెల్లవారుజామున ఉంచండి.

మిగిలిన రెండు

అఫినిటీ మాత్రమే ఉంచుకుని రెప్లికేషన్ మానేయడం తప్పేమీ కాదు. వెబ్ సర్వర్ ప్లగిన్ ఒక మనిషి రిక్వెస్టులను ఒకే మెంబర్‌కు పంపుతుంది. చదివే పేజీలకు, ఆఫీసు లోపలి రిపోర్టులకు ఇది చాలు. మేడారం జాతర రోజుల్లాంటి ఒక్కసారి రద్దీ వచ్చే సమాచార పేజీలకైతే రెప్లికేషన్ భారం లేకపోవడమే మేలు.

బయటి క్యాష్ గురించి కొత్త ప్లాట్‌ఫారం మీదికి పోతున్నవారే ఆలోచించాలి. వెబ్‌స్పియర్ లిబర్టీలో పాత పద్ధతి రెప్లికేషన్ డొమైన్లు లేవు. అక్కడ సెషన్ డేటాబేస్ ఫీచర్, లేదా హేజెల్‌కాస్ట్, ఇన్ఫినిస్పాన్ లాంటి జేక్యాష్ (జావా క్యాష్ ప్రమాణం) ఉత్పత్తితో పనిచేసే సెషన్ క్యాష్ ఫీచర్ వాడతారు. ఏడాదిలోపు లిబర్టీకి వెళ్లే ఆలోచన ఉంటే ఇప్పుడే డేటాబేస్‌కు మారడం రెండుసార్ల శ్రమను తగ్గిస్తుంది. టామ్‌క్యాట్ అనే మరో జావా సర్వర్‌కు వెళ్లేవారికి అక్కడ కూడా ఇదే లెక్క ఎదురవుతుంది: డెల్టా మేనేజర్ ప్రతి నకలునూ అందరికీ పంపుతుంది, బ్యాకప్ మేనేజర్ ఒక్క నోడ్‌కే పంపుతుంది.

మారే వరుస

1. బ్యాకప్‌కాన్ఫిగ్‌తో కాన్ఫిగరేషన్ కాపీ తీయండి. అది మామూలుగా నోడ్‌లోని సర్వర్లను ఆపేస్తుంది. ఆపకూడదంటే నోస్టాప్ ఆప్షన్ ఇవ్వాలి.
2. ఎన్విరాన్‌మెంట్ మెనూలో రెప్లికేషన్ డొమైన్స్ కింద రెండు కొత్త డొమైన్లు సృష్టించండి: సెషన్లకు ఒకే నకలుతో, డైనమిక్ క్యాష్‌కు మొత్తం డొమైన్‌తో.
3. ప్రతి మెంబర్‌లో సెషన్ మేనేజ్‌మెంట్, అందులో డిస్ట్రిబ్యూటెడ్ ఎన్విరాన్‌మెంట్ సెట్టింగ్స్ తెరిచి కొత్త డొమైన్‌ను ఎంచుకోండి. మోడ్ "బోత్ క్లయింట్ అండ్ సర్వర్" ఉంచండి. ఓవర్‌రైడ్ ఉన్న అప్లికేషన్లను కూడా మార్చండి. ఒకే సర్వర్‌లో సెషన్లు కొత్త డొమైన్‌లో, డైనమిక్ క్యాష్ పాత డొమైన్‌లో అన్న సగం సగం స్థితి ఉంచొద్దు.
4. సగం మెంబర్లు పాత డొమైన్‌లో, సగం కొత్త డొమైన్‌లో ఉన్నంతసేపు వాటి మధ్య సెషన్లు కదలవు. అందుకే రద్దీ లేని రాత్రి ఎంచుకోండి. పత్తి, మిర్చి సీజన్లలో మార్కెట్ అప్లికేషన్ జోలికి పోవద్దు. ఆపబోయే మెంబర్‌కు ప్లగిన్ ఫైల్‌లో వెయిట్ 0 ఇస్తే కొత్త సెషన్లు దానికి పోవు, ఉన్నవి మాత్రం కొనసాగుతాయి. ప్లగిన్ ఆ ఫైల్‌ను డిఫాల్ట్‌గా 60 సెకన్లకోసారి చూస్తుంది. సెషన్ టైమవుట్ 30 నిమిషాలైతే అంతసేపు ఆగి, అప్పుడు రీస్టార్ట్ చేయండి.
5. ప్లగిన్ ఫైల్‌లో గెట్‌డీడబ్ల్యూఎల్‌ఎమ్‌టేబుల్ విలువ డిఫాల్ట్‌గా ఫాల్స్. మెమరీ రెప్లికేషన్‌లో ట్రూ చేయండి. లేకపోతే వెబ్ సర్వర్ రీస్టార్ట్ అయిన వెంటనే ఏ సెషన్ ఎక్కడుందో ప్లగిన్‌కు తెలియక రిక్వెస్టులు తప్పు మెంబర్‌కు పోతాయి.
6. పరీక్షించేటప్పుడు లాగిన్ నిలిచిందా అని మాత్రమే చూడొద్దు. నాలుగైదు లాట్లు నమోదు చేసి, ఆ సెషన్ ఉన్న మెంబర్‌ను కన్సోల్‌లో ఆపకుండా ప్రాసెస్‌నే కిల్ చేసి, లాట్లన్నీ వచ్చాయో లేదో లెక్కపెట్టండి. నెమ్మదిగా ఆపితే సర్వర్ మిగిలినవన్నీ రాసుకునే అవకాశం ఉంటుంది, నిజమైన ప్రమాదంలో ఆ వీలు ఉండదు.
7. లాగ్‌లో డీసీఎస్‌వీ1051డబ్ల్యూ అనే రద్దీ హెచ్చరిక వస్తుంటే, బఫర్లు పెంచే ముందు సెషన్ సైజు మళ్లీ కొలవండి.

పాత మల్టీ-బ్రోకర్ డొమైన్‌ను అదే రాత్రి తొలగించకండి. ఒక పూర్తి రద్దీ వారం గడిచి, ఏ అప్లికేషన్ కూడా దాని పేరు పట్టుకుని లేదని సర్వర్.ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలోనూ, అప్లికేషన్ల డిప్లాయ్‌మెంట్.ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లలోనూ వెతికి చూసుకున్నాక, ముందు రెప్లికేటర్ ఎంట్రీలు, తర్వాత డొమైన్, ఆఖరున ఫైర్‌వాల్‌లో వాటి పోర్టులు తీసేయండి.